బ్లాక్ ట్యాంకు నిండకముందే: ఆర్వీలో బయల్దేరుతున్న మేనల్లుడికి ఉత్తరం

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు.

జూన్ చివర్లో సాల్ట్ లేక్ సిటీలో ఆర్వీ (లోపలే వంటిల్లు, పడకలు, టాయిలెట్ ఉండే బండి) అద్దెకు తీసుకుని, మీరిద్దరూ అక్కనీ బావగారినీ పిల్లనీ ఎక్కించుకుని యెల్లోస్టోన్ వెళ్తున్నారని తెలిసింది. రూటూ బుకింగులూ నువ్వు చూసుకోగలవు. అడగడానికి మొహమాటపడే సంగతి ఒకటి మిగిలింది: ఆ బండిలో పోగయ్యే మురుగు ఎక్కడ వదలాలి, ఎలా వదలాలి. అద్దెకిచ్చేవాళ్ళు నాలుగు ముక్కలు చెప్పి తాళాలు చేతిలో పెడతారు. ఆ నాలుగు ముక్కల్లో మన ఇంటి లెక్క ఉండదు.

ముందు ఆ లెక్క చూడు. బండిలో మూడు ట్యాంకులుంటాయి. ఫ్రెష్ అంటే మంచినీళ్ళు. గ్రే అంటే సింకు, షవర్ నీళ్ళు. బ్లాక్ అంటే టాయిలెట్ది. పాతిక అడుగుల బండిలో బ్లాక్ ట్యాంకు ఇంచుమించు 25 నుంచి 30 గ్యాలన్లు ఉంటుంది (గ్యాలనంటే 3.8 లీటర్లు అనుకో). నీ బండికి సరిగ్గా ఎంతో కాగితాల్లో ఉంటుంది, రాసి పెట్టుకో. ఆర్వీ టాయిలెట్‌లో ఒక ఫ్లష్‌కి లీటరు, లీటరున్నర నీళ్ళు పోతాయి. మీరు ఐదుగురు, మనిషికి రోజుకి ఐదుసార్లనుకుంటే 25 సార్లు. కాగితం వాడేవాళ్ళకి రోజుకి 8, 10 గ్యాలన్లతో సరిపోతుంది, ట్యాంకు దాదాపు మూడు రోజులు వస్తుంది. మనవాళ్ళు మగ్గు వాడతారు. మగ్గుకి ఇంకో లీటరున్నర వేసుకో. అప్పుడు రోజుకి 18, 20 గ్యాలన్లు. అంటే ఒకటిన్నర రోజుకి ట్యాంకు నిండుతుంది. ఇంటర్నెట్లో ఎవరో 'బ్లాక్ ట్యాంకు వారం వస్తుంది' అని రాస్తే నమ్మి బయల్దేరకు, అది ఇద్దరు మనుషుల లెక్క.

అలాగని అక్కని కాగితానికి అలవాటు పడమని బలవంతపెట్టకు. మగ్గు బదులు పిండితే చిమ్మే చిన్న బిడే సీసా ఒకటి కొని పెట్టు, పావు లీటరుతో పనైపోతుంది. పగలు బయట తిరిగేటప్పుడు పెట్రోలు బంకుల్లో, పార్కు టాయిలెట్లలో వెళ్ళి రమ్మను. రాత్రికీ తెల్లవారుజాముకీ మాత్రం బండిలోది. ఈ రెండూ పాటిస్తే మీ ట్యాంకూ రెండున్నర, మూడు రోజులు ఆగుతుంది. నీళ్ళు ఆదా చెయ్యాలని మరీ పొడిగా మాత్రం వాడొద్దు. నీళ్ళు చాలకపోతే కాగితమూ మలమూ గొట్టం కింద కుప్పగా గట్టిపడతాయి, తర్వాత వాల్వు తీసినా కదలదు. వెట్ వైప్స్ ఒక్కటి కూడా లోపల పడకూడదు, డబ్బా మీద 'ఫ్లషబుల్' అని రాసి ఉన్నా సరే.

గ్రే ట్యాంకు సంగతి వంటింట్లో తేలుతుంది. అన్నం వార్చిన గంజి, పప్పు తెట్టె, చింతపండు పిప్పి, పోపులో ఆవాలు, కరివేపాకు సింకులో పోస్తే రెండో రోజుకి పులిసిన వాసన బండంతా కమ్ముకుంటుంది. నెయ్యీ నూనే చల్లారి గొట్టాల గోడలకి పట్టుకుంటాయి. కంచాలు కడిగే ముందు పేపర్ టవల్‌తో తుడిచి చెత్తబుట్టలో వెయ్యండి, సింకు కన్నానికి సన్నటి జాలీ పెట్టండి. షవర్ తలుపు దగ్గర నిలబడి టైము చూడమనను గానీ, ఒళ్ళు తడుపుకుని, నీళ్ళు ఆపి, సబ్బు రాసుకుని, మళ్ళీ తిప్పుకుంటే సగానికి సగం మిగులుతాయి. చాలా బళ్ళలో బ్లాక్ కంటే గ్రే ముందు నిండుతుంది. నిండితే షవర్ అడుగున మురికినీళ్ళు పైకి వస్తాయి, అదే నీకు చివరి హెచ్చరిక.

గోడ మీద లైట్లు 'మూడింట రెండొంతులు' అని చూపిస్తే దాన్నే పట్టుకుని కూర్చోకు. లోపలి సెన్సర్లకి కాగితం అంటుకుని ఖాళీ ట్యాంకుని కూడా నిండినట్టు చూపిస్తాయి. రోజుల లెక్కనే నమ్ము.

ఇక డంప్ స్టేషన్ వెతకడం, అంటే ట్యాంకుల్లోని మురుగుని నేలలోని కన్నంలోకి వదిలే చోటు. ట్యాంకు నిండాక వెతకకు, ముందు రాత్రే రేపటి ఊరు చూసి పెట్టుకో. సాల్ట్ లేక్ నుంచి ఐ-15 మీద ఉత్తరంగా పోకటెల్లో, ఐడహో ఫాల్స్, అక్కణ్ణించి యు.ఎస్. 20 మీద రెక్స్‌బర్గ్, యాష్టన్, ఐలండ్ పార్క్ మీదుగా వెస్ట్ యెల్లోస్టోన్. ఐడహో ఫాల్స్ దాటాక ఇంకో 110 మైళ్ళు. ఊళ్ళు చిన్నవైపోతాయి, అడవి మొదలవుతుంది, కొన్ని చోట్ల ఫోను సిగ్నల్ కూడా ఉండదు. కాబట్టి వెతుకులాట ఏదైనా ఐడహో ఫాల్స్ లోపే తేల్చుకో.

ఫోనులో ఊరికే 'డంప్' అని కొడితే ఆ ఊరి చెత్తకుప్పకి దారి చూపిస్తుంది. 'ఆర్వీ డంప్ స్టేషన్' అనో 'శానిటరీ డంప్ స్టేషన్' అనో కొట్టాలి. శానిడంప్స్, క్యాంపెండియం, ఐఓవర్‌ల్యాండర్ లాంటి సైట్లలో, యాప్‌లలో ఊరి పేరుతో చూడొచ్చు. అక్కడ నక్షత్రాల కంటే చివరి వ్యాఖ్య తేదీ ముఖ్యం. రెండేళ్ళ కిందట 'బాగుంది' అన్నది ఈపాటికి మూసేసి ఉండొచ్చు. చిన్న ఊళ్ళలో ఇలా మూతపడటం మామూలే: ఎవరో వచ్చి పక్కనంతా పారబోసి వెళ్తారు, కడిగేవాళ్ళు ఉండరు, మునిసిపాలిటీ విసిగిపోయి తాళం వేస్తుంది.

చిన్న నగరంలో ఇవి దొరికే చోట్లు నేను చూసుకునే వరుసలో చెప్తాను. హైవే పక్క ట్రక్ స్టాపులు మొదట: పైలట్ ఫ్లయింగ్ జే, లవ్స్ వాటిలో కొన్నింటికి ఉంటుంది, లోపల కౌంటర్లో డబ్బు కట్టాలి. యూటా, ఐడహోల్లో మావెరిక్ బంకులు కొన్నింటికీ ఉంటుంది. అన్నింటికీ కాదు, అడిగే తిరగాలి. తర్వాత ప్రైవేటు ఆర్వీ పార్కులు, కేఓఏ అనే క్యాంప్‌గ్రౌండ్ల గొలుసు: రాత్రి అక్కడ ఉండకపోయినా డబ్బు కట్టి డంప్ చేసుకోనిచ్చేవి చాలా ఉన్నాయి, 10 నుంచి 20 డాలర్లు అనుకో. ఆ తర్వాత ఎక్కువమంది చూడని చోట్లు: కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్, ఊరి పార్కు, ఊరి మురుగునీటి శుద్ధి ప్లాంటు గేటు పక్కన. ఇవి ఏ యాప్‌లోనూ లేకపోవచ్చు. ఊరి పబ్లిక్ వర్క్స్ ఆఫీసుకో, విజిటర్ సెంటర్‌కో ఒక్క ఫోను చేస్తే చెప్పేస్తారు. వారం మధ్యలో చెయ్యి, శనాదివారాలు ఎత్తేవాళ్ళు ఉండరు. స్టేట్ పార్కుల్లోనూ ఉంటుంది గానీ లోపలికి వెళ్ళడానికి రోజు పాసు కట్టమంటారు, రెండూ కలిపి చూసుకో.

రోడ్డు మీద నీలం బోర్డు, దాని మీద ఆర్వీ బొమ్మ, కిందికి చూపే బాణం కనిపిస్తే అదే. రెస్ట్ ఏరియాల మీద మాత్రం ఆశ పెట్టుకోకు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్వీ రిజిస్ట్రేషన్‌తో పాటు కొంత రుసుము వసూలు చేసి, ఆ డబ్బుతో హైవే రెస్ట్ ఏరియాల్లో డంప్ స్టేషన్లు నడుపుతారు. అది చూసినవాళ్ళు అన్ని రాష్ట్రాల్లోనూ అలాగే ఉంటుందనుకుని దెబ్బతింటారు. వాల్‌మార్ట్ పార్కింగులో కొన్ని చోట్ల రాత్రి పడుకోనిస్తారు, డంప్ మాత్రం ఉండదు.

ఫోను చేసినప్పుడు 'ఉందా' అని మాత్రమే అడిగి పెట్టేయకు. ఇవాళ తెరిచి ఉందా, ఎన్ని గంటల వరకు, అక్కడ రాత్రి ఉండనివాళ్ళకి ఇస్తారా, ఎంత, కార్డు తీసుకుంటారా, పాతిక అడుగుల బండి తిరగడానికి చోటుందా, హోసు కడుక్కోవడానికి నీళ్ళున్నాయా? ఊరి పార్కుల్లో ఎవరూ కూర్చుని ఉండరు, ఇనప డబ్బాలో కవరు వేసి పోవాలి. అందుకని ఒక్క డాలరు, ఐదు డాలర్ల నోట్లు, కొన్ని క్వార్టర్లు (పావు డాలరు నాణేలు) గ్లవ్ బాక్సులో ఉంచు.

వెళ్ళే వేళ కూడా చూసుకో. క్యాంప్‌గ్రౌండ్ల నుంచి ఖాళీ చేసే వేళ పది నుంచి పన్నెండు, అప్పుడు వరసలో అరగంటో గంటో. ఆదివారం ఇంకా ఘోరం. పొద్దున్నే ఎనిమిదికి గానీ, మధ్యాహ్నం రెండు దాటాక గానీ వెళ్తే నువ్వొక్కడివే ఉంటావు. డ్రెయిన్ గొట్టం దాదాపు అన్ని బళ్ళలో డ్రైవర్ వైపే ఉంటుంది కాబట్టి నేలలోని కన్నం నీ ఎడమ చేతి వైపుకి వచ్చేలా బండి పెట్టాలి. అటు తిరిగి వచ్చి ఎదురుగా పెడితే హోసు బండి కింద నుంచి లాగాల్సి వస్తుంది, అందదు. గొట్టం మూతికీ కన్నానికీ మధ్య రెండు మూడు అడుగులకి మించనీయకు. హోసు చిన్నదైతే వంకర్లు తక్కువ, వంకర్లు తక్కువైతే లోపల నిలిచేదీ తక్కువ.

పని ఇలా చెయ్యి. పిల్లనీ పెద్దవాళ్ళనీ లోపలే కూర్చోమను. వాడి పారేసే గ్లవ్స్ వేసుకో. బండి గొట్టం మూత తీసే ముందు రెండు వాల్వులూ పూర్తిగా లోపలికి నెట్టి ఉన్నాయో లేదో చూడు, కింద ఒక చిన్న బకెట్ పెట్టు. ముందు అద్దెకు తీసుకున్నవాడు వాల్వు సగం వదిలేసి పోతే, మూత తియ్యగానే నీ కాళ్ళ మీదే పడుతుంది. ఎక్కువమంది ఇక్కడే తడుస్తారు. హోసు రెండో కొస ముందుగా నేల కన్నంలో దింపి, కన్నం మూతో బరువైన రాయో దాని మీద పెట్టు, లేకపోతే నీళ్ళు ఉరికినప్పుడు హోసు పాములా ఎగిరి బయటికొస్తుంది. ఆ తర్వాత బండి వైపు రెండు కొక్కేలు గొట్టానికి తగిలించి, గట్టిగా ఆగేదాకా మెలితిప్పి, ఒకసారి లాగి చూడు. రెండు కొక్కేల్లో ఒకటే పట్టుకుంటే సగం పనిలో ఊడుతుంది.

బ్లాక్ వాల్వు ముందు, ఒక్క ఊపులో పూర్తిగా లాగు. కొంచెం కొంచెంగా లాగితే నీళ్ళు పోయి గట్టిది లోపల మిగులుతుంది. చప్పుడు ఆగాక టాయిలెట్లో రెండు మూడు బకెట్ల నీళ్ళు పోయించి మళ్ళీ పోనీ, తర్వాత బ్లాక్ మూసెయ్. ఇప్పుడు గ్రే తెరువు. ఆ సబ్బునీళ్ళు హోసుని కడిగేస్తాయి. గ్రే తక్కువగా ఉంటే ముందు రోజు కావాలనే కొంత దాచి పెట్టుకో. రెండూ మూశాక బండి వైపు కొస ముందు ఊడదీసి పైకెత్తి, హోసు పొడవునా మోచేతి మీదుగా జరుపుతూ కన్నం వైపు వంచు. మిగిలిన నీళ్ళు దిగిపోతాయి. అక్కడి పైపుతో హోసునీ, కన్నం చుట్టూ నేలనీ కడిగి, మూత వేసి కదులు. ఆ పైపు మీద తాగడానికి కాదని బోర్డు ఉంటుంది. బోర్డు లేకపోయినా అదే అనుకో. నీ తెల్ల మంచినీళ్ళ హోసు దానికి తగిలించకు, మంచినీళ్ళు వేరే కుళాయి దగ్గర పట్టుకో. బయల్దేరే ముందు ఖాళీ బ్లాక్ ట్యాంకులో మూడు నాలుగు గ్యాలన్ల నీళ్ళు పోసి ఎంజైమ్ పొట్లం ఒకటి వెయ్యి. ఫార్మాల్డిహైడ్ ఉన్న మందు కొనకు. చిన్న ఊళ్ళ, క్యాంప్‌గ్రౌండ్ల సెప్టిక్ ట్యాంకుల్లో మురుగుని కుళ్ళబెట్టే బాక్టీరియాని అది చంపుతుంది.

అద్దె బండి హోసు మీద నమ్మకం పెట్టుకోకు, సూది కన్నాలు ఉండొచ్చు. మూడంగుళాల వ్యాసం, పదిహేను అడుగుల పొడవు ఉన్నది కొత్తది కొను. బండి వైపు పారదర్శకంగా ఉండే వంపు ముక్క ఒకటి కూడా కొను. అందులో ఏం పోతోందో కనిపిస్తుంది, ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది.

దారిలో ఫుల్ హుకప్ (కరెంటు, నీళ్ళు, మురుగు కన్నం మూడూ బండి పక్కనే) ఉన్న చోట ఒక రాత్రి ఉంటే హోసు తగిలించే ఉంటుంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేస్తారు చాలామంది. ద్రవమంతా వెంటనే జారిపోయి గట్టిది కన్నం కింద గోపురంలా పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి తర్వాత రెండు రోజులు పడుతుంది. పక్కన మురుగు కన్నం ఉన్నా, మూడింట రెండొంతులు నిండేదాకా మూసే ఉంచు.

యెల్లోస్టోన్ లోపల మాడిసన్, గ్రాంట్ విలేజ్, ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర డంప్ స్టేషన్లున్నాయి, వేసవిలోనే. వెస్ట్ గేటు నుంచి మాడిసన్ 14 మైళ్ళు. ఫుల్ హుకప్ ఒక్క ఫిషింగ్ బ్రిడ్జ్‌లోనే ఉంది. దక్షిణంగా దిగి గ్రాండ్ టీటన్ చూస్తే కోల్టర్ బే దగ్గర ఇంకొకటి. బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ పేజీలో ఆ వారం ఏవి తెరిచున్నాయో చూడు, మరమ్మత్తులకి మూస్తుంటారు. అక్టోబరు వచ్చేసరికి ఆ ప్రాంతంలో చాలా చోట్ల నీళ్ళు గడ్డకడతాయని కుళాయిలు కట్టేస్తారు.

ఎక్కడా దొరక్కపోతే దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక రాత్రి అద్దె కట్టేసెయ్. రోడ్డు పక్క వర్షపు కాలువలో వదలడం, గ్రే నీళ్ళే కదా అని నేల మీద తెరవడం వద్దు. ఆ కాలువ ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకి పోతుంది, జరిమానా కూడా గట్టిదే. ఫలానా ఊళ్ళో మనవాళ్ళ ఇల్లుంది, వాళ్ళ డ్రెయిన్ మూత తీసి పోసేద్దాం అని బావగారు అంటే ఒప్పుకోకు. కొన్ని ఊళ్ళలో అది నిబంధనలకి విరుద్ధం. పైగా ఆ ఇంటిది సెప్టిక్ ట్యాంకైతే వాళ్ళకి ఇబ్బంది కలగొచ్చు.

బండి తిరిగిచ్చే రోజు ట్యాంకులు ఖాళీగా లేకపోతే అదనంగా వసూలు చేస్తారు. సాల్ట్ లేక్ ట్రాఫిక్‌లోకి దిగాక డంప్ కోసం తిరగడం ఒక శిక్ష, వచ్చేటప్పుడు కూడా ఐడహో ఫాల్స్‌లోనో పోకటెల్లోలోనో పని ముగించుకో. నిండు ట్యాంకులు రెండూ కలిపి 60 గ్యాలన్లుంటే 500 పౌండ్ల బరువు. ఖాళీ చేసుకుంటే ఆ మేరకు బ్రేకుల మీదా భారం తగ్గుతుంది.

గ్లవ్స్ పెట్టె, బకెట్, ఒక పాత తువ్వాలు డ్రైవర్ వైపు బయటి అరలో పెట్టు. మంచినీళ్ళ హోసు మాత్రం ఆ అరలో పెట్టకు, అవతలి వైపు అరలో పెట్టు.

ఇట్లు,
మామయ్య