కడగడం సంగతి తర్వాత, ముందు ఆరబెట్టడం నేర్చుకోండి

మీ ప్రశ్న: ఒంటారియోలో ఇంట్లో గంజాయి మొక్కలు పెంచుతున్నాను, కోతకు రెండు వారాల ముందు ఎరువు ఆపేసి కుండీని ఉత్త నీళ్లతో కడిగేయాలంటున్నారు, లేకపోతే పొగ గొంతు పట్టేస్తుందట, నిజమేనా?

కడగక్కర్లేదు. ఆకులోకీ మొగ్గలోకీ ఎక్కిపోయిన నత్రజనిని వేళ్ల దగ్గర పోసిన నీళ్లు ఎలా దించుతాయండీ? మట్టిలో మిగిలింది కుండీ అడుగు చిల్లులోంచి పోతుంది, అంతే. కింది ఆకుల్లో నత్రజనిని మొక్క తనకు తానే పైకి లాక్కుంటుంది. ఆ ఆకులు పసుపెక్కేది అందుకే. దానికి టైము పడుతుంది, బకెట్ల కొద్దీ నీళ్లు పోసినంత మాత్రాన తొందరగా అయిపోదు. కొలరాడోలో ఎరువులు అమ్మే కంపెనీ ఒకటి 2019లో 14, 10, 7 రోజులు కడిగిన మొక్కల్నీ, అసలు కడగని వాటినీ పక్కపక్కన పెట్టి చూసింది. తాగి చూసినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయినా ఈ కడగడానికే ‘ఫ్లషింగ్ ద్రావణం’ అని సీసాలు అమ్ముతూనే ఉన్నారు. మొదట ఎరువు సీసా అమ్మి, తర్వాత దాన్ని కడగడానికి ఇంకో సీసా అమ్మడం మంచి వ్యాపారమే.

నేనింత గట్టిగా చెప్పడానికి కారణం గంజాయి కాదు, పొగాకు. మాది జంగారెడ్డిగూడెం వైపు. వర్జీనియా పొగాకు చేలల్లో, ఆ ఆకును వేడి పెట్టి ఆరబెట్టే బట్టీల (బ్యారన్ల) పక్కన పెరిగాను.

ఒక ఏడాది, తలలు తుంచాక చేను పాలిపోయినట్టుందని మా బాబాయి యూరియా చల్లించాడు. ‘ఆకు పండే టైములో యూరియా ఏంట్రా!’ అని తాత కేకలేశాడు గానీ అప్పటికే తడి కూడా పెట్టేశారు. వారం తిరిగేసరికి చేను నల్లపచ్చగా ఏపుగా లేచింది. దారినపోయేవాళ్లు ఆగి మెచ్చుకున్నారు. తాత ముఖం చూసి బాబాయికి భయం పట్టుకుని, వేసిందంతా కడుక్కుపోతుందని తడి మీద తడి పెట్టాడు. మాది తేలిక నేల, మట్టిలో ఉన్నది కిందికి దిగిపోయే ఉంటుంది. ఆకులో ఉన్నది మాత్రం ఆకులోనే ఉంది.

ఆ ఆకే రెలిచి (మొక్కల నుంచి తెంపి), కర్రలకు అల్లి, బ్యారన్‌కి ఎక్కించారు. మామూలుగా 90–100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టి, తేమ పోకుండా కాసుకుంటే ఆకు పసుపు తిరుగుతుంది. ఇది తిరగనంటోంది. అర్ధరాత్రి తాత టార్చిలైటు వేసి గోడకున్న చిన్న అద్దంలోంచి చూస్తుంటే నేనూ ముఖం దూర్చాను. అంచుల్లో పసుపు, ఈనె పక్కంతా పచ్చ. లోపలి నుంచి ఆ పచ్చి వెగటు వాసన. ‘మంట పెంచకు, దాన్ని నిదానంగా పండనీ’ అన్నాడు తాత. బాబాయి ఆగలేదు. చేలో ఇంకో బ్యారన్ ఆకు పండిపోయి ఉంది, కట్టెలు అయిపోతున్నాయి, అప్పిచ్చినవాడు రోజూ గుమ్మంలో కూర్చుంటున్నాడు. తెల్లారేలోపు పొయ్యి ఎగదోశాడు. ఆ పచ్చ ఆకులో అలాగే బిగిసిపోయింది, ఇక 160 డిగ్రీలకు తీసుకెళ్లి ఈనె ఆరబెట్టినా అది పోలేదు. వేలంలో ఆ బేళ్లన్నీ నోబిడ్, ఒక్కడూ పాట పాడలేదు. మళ్లీ ట్రాక్టరెక్కించి ఇంటికి తోలుకొచ్చాం. పక్క చేలో ఆకు కాస్త బక్కగానే ఉన్నా దానికి మంచి రేటు పలికింది. కొనేవాళ్లు బేలు దగ్గర ఎంతసేపు నిలబడతారో తెలుసా? రైతు ఏడాది కష్టానికి రెండు చూపులు, ఒక తల ఊపు.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది చివరి వారం నీళ్లు కాదు. పూత మధ్యకొచ్చేసరికి నత్రజని తగ్గించండి. తర్వాత శ్రద్ధంతా ఆరబెట్టడం మీద పెట్టండి. గొంతు మంటకీ పచ్చిగడ్డి వాసనకీ తొందరపడి ఎండబెట్టడమే అసలు కారణమని నా నమ్మకం. ఫ్యాను ముందు పెట్టి మూడు రోజుల్లో గలగలలాడించేవాళ్లను చూశాను, వాళ్లే మళ్లీ ‘సరిగ్గా ఫ్లష్ చేయలేదు’ అని బాధపడతారు.

చీకటి గదిలో, 18–20 డిగ్రీల సెల్సియస్, 55–60 శాతం తేమలో కొమ్మలు తలకిందులుగా వేలాడదీయండి. గాలి ఆడాలి గానీ ఫ్యాను నేరుగా మొగ్గల మీదికి కొట్టకూడదు. పది రోజులు అటూ ఇటూ పడుతుంది. సన్నకాడ వంగకుండా పుటుక్కున విరిగిందా, దించండి. మా తాత ఈనె విరిచి చూసినట్టే. ఆ తర్వాత గాజు సీసాల్లో ముప్పావు వంతు నింపి మూత పెట్టడం మా ఊళ్లో మండె వేయడం (ఆరిన పొగాకును కుప్పగా పేర్చి మగ్గనివ్వడం) లాంటిది. లోపలి చెమ్మ బయటికొచ్చి అంతటా సమంగా పదునెక్కుతుంది. మొదటి రెండు వారాలు రోజూ మూత తీసి కాసేపు గాలి తగలనివ్వండి. సీసాలో ఒక చిన్న తేమ మీటరు పడేసి 58–62 శాతం మధ్య ఉందో లేదో చూసుకోండి. 65 దాటితే బూజు భయం. మూత తీయగానే అమ్మోనియా ఘాటు కొడితే ఆలోచించకుండా బయట పరిచి ఆరనివ్వండి. బూజు కనిపిస్తే మాత్రం గీకి వాడదామనుకోకండి, పారేయడమే.

మీరుండే ఒంటారియోలోనే నార్ఫోక్ కౌంటీలో, డెల్‌హై చుట్టుపక్కల పాత పొగాకు బట్టీలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకసారి వెళ్లి అక్కడి పెద్ద రైతుల్ని కదిపి చూడండి, వీడియోలు చూసేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఇది చదివే ఇండియావాళ్లకు ఒక మాట. కెనడాలో 2018 అక్టోబరు నుంచి చట్టం ఒప్పుకుంది, ఒంటారియోలో ఇంటికి 4 మొక్కలు. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద ఒక్క మొక్క పెంచినా కేసే, జైలే. ‘నాక్కూడా విత్తనాలు పంపండి’ అని మెసేజీలు పెట్టకండి దయచేసి.

ప్రశ్న అడిగినవారికి: ఆ ఫ్లషింగ్ సీసా ఇప్పటికే కొనేసి ఉంటే, మూత తీయకుండా షాపుకి తీసుకెళ్లండి. బిల్లుంటే వెనక్కి తీసుకుంటారేమో.