కుక్కల గ్రూపు అడ్మిన్ సరుకు డబ్బు ఎగ్గొడితే దావా ఎవరి మీద?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లోనే కుక్కలకు రెయిన్‌కోట్లు, హార్నెస్‌లు కుడతాను. డాషండ్‌కు నడుము పొడుగు, కాళ్లు పొట్టి కాబట్టి షాపుల్లో దొరికేవి సరిపోవు. అందుకే ఆ జాతి కుక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనే నా అమ్మకాలు. చెన్నై గ్రూపు అడ్మిన్ ఒకామె మొదటి రెండు పార్శిళ్లకు టంచనుగా డబ్బు కట్టింది. అక్కా అక్కా అంటూ సొంత చెల్లెలిలా ఉండేది. తర్వాత 2023 ఆగస్టు 18న 74,000 రూపాయల సరుకు, నవంబరు 6న 62,000 సరుకు పంపాను. 2024 జనవరిలో 10,000 ఫోన్‌లో పంపి ఆపేసింది. ఇప్పుడు ‘నేను మధ్యవర్తిని మాత్రమే, మెంబర్లు ఇవ్వలేదు, సైజులూ కుదర్లేదు’ అంటోంది. నన్ను గ్రూపులోంచి తీసేసింది. చాట్ స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, ఫోన్ మార్చాను. పాతది మా అన్న కొడుకు గేములకు వాడుతున్నాడు. మిగతా గ్రూపుల్లో ఆమె ఫొటో పెట్టి బండారం బయటపెట్టాలనుంది. 420 కేసు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, ఆమె అక్కా అని పిలిచిందా లేదా అన్నది కోర్టుకు అక్కర్లేదు. తేలాల్సింది ఒక్కటే, ఆమె మీ దగ్గర సరుకు కొన్నదా, లేక మీ తరఫున అమ్మిపెట్టిందా? కొన్నదైతే మెంబర్లు ఆమెకు ఇచ్చారా లేదా అన్నది ఆమె తలనొప్పి, మీకు ధర కట్టి తీరాలి. ఏజెంటు అయితే మీరు లెక్క అడగాలి, అప్పుడు లిమిటేషన్, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు లెక్క కూడా వేరే అవుతుంది.

మీ ఉత్తరంతో పంపిన కాగితాల్లో మీరు పట్టించుకోని ముక్క ఒకటుంది. మీరు కోటు 850కి బిల్లు వేస్తే, ఆమె గ్రూపులో 1,250 అని తన ధర తానే పెట్టుకుంది. మొదటి రెండు పార్శిళ్లకు ఎన్ని అమ్ముడుపోయాయన్న మాటే లేకుండా బిల్లు మొత్తం కట్టింది. కమిషన్ మీద అమ్మేవాళ్లు అలా చేయరు. కాబట్టి ఆమె కొనుగోలుదారే అని గట్టిగా వాదించవచ్చు. ఏజెంటుగా లెక్క చెప్పాలని అదే దావాలో ప్రత్యామ్నాయంగా కూడా అడగండి.

ఇక టైము. అరువు గడువు ఫలానా అని రాసుకోలేదు కాబట్టి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 14 ప్రకారం సరుకు అందించిన తేదీ నుంచి మూడేళ్లు, అదీ ఏ పార్శిల్‌కు ఆ పార్శిల్ విడిగా. అంటే 74,000 బిల్లుకు 2026 ఆగస్టు 18 ఆఖరు. ఆ 10,000 పడ్డ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయని మీకెవరో చెప్పారట. సెక్షన్ 19 అడిగేది ఆ చెల్లింపును ఒప్పుకుంటూ కట్టినవాళ్లు రాసిన రాత, లేదా సంతకం చేసిన కాగితం. ఫోన్ చెల్లింపు ఎంట్రీ మీద వాదన నడపొచ్చేమో గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. లాయర్ నోటీసు పంపినంత మాత్రాన కూడా గడువు ఆగదు, ఇది తెలియక దావాలు పోగొట్టుకునేవాళ్లు ఎంతమందో.

సైజుల గొడవకు బలం తక్కువ. కొలతలు ఇచ్చింది ఆమే, తన కుక్కకు నీలం కోటు తొడిగి ఫొటో పెట్టిందీ ఆమే. సరుకు ఉంచుకుని, తిరస్కరిస్తున్నానని సహేతుకమైన గడువులో చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 42 చెబుతోంది. ఆర్టీసీ పార్శిల్ రసీదులు ఉంటే డెలివరీకి అవే ఆధారం.

కానీ ఆ ఫోన్! లక్షకు పైగా బాకీకి ఉన్న సాక్ష్యమంతా పిల్లాడి చేతిలో పెట్టి టెన్షన్ పడితే ఏం లాభం? ఈ రోజే తెచ్చుకోండి, రీసెట్ చేయనివ్వకండి, వాట్సాప్ తీసేయనివ్వకండి. గ్రూపులోంచి తీసేసినా పాత మెసేజీలు అందులో ఉంటాయి. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింట్లు చాలవు, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. తమిళ మెసేజీలకు అనువాదం చేయించండి.

ఫొటో పెట్టే ఆలోచన మాత్రం పూర్తిగా మానండి. పరువు నష్టానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 356 కింద రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. నిజమే రాశానంటే చాలదు, అది ప్రజాహితం కోసమని కూడా చూపాలి. ఇప్పుడు మీరు బాకీదారు కోసం తిరిగే వాది, ఆ పోస్టు పెట్టిన మర్నాడు చెన్నై కోర్టులో ముద్దాయి. పైగా మీ బిల్లుల మీద జీఎస్టీ నంబరు లేదు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవరు తక్కువైనా సాధారణంగా రిజిస్ట్రేషన్ ఉండాలి, రచ్చ చేస్తే అవతలివాళ్లు ముందు పట్టుకునేది అదే. ఆ సాకుతో ఆమె బాకీ ఎగ్గొట్టలేదు గానీ, ఒకసారి ఆడిటర్‌ను కలవండి. 420 కేసు, అంటే ఇప్పటి బీఎన్ఎస్ సెక్షన్ 318, నిలబడాలంటే మొదటి నుంచే మోసం ఉద్దేశం ఉండాలి. ముందు రెండు బిల్లులు చక్కగా కట్టిన మనిషి మీద అది రుజువు కావడం కష్టం.

వెంటనే స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. 1,26,000 అసలుతో పాటు వడ్డీ కూడా అందులోనే అడగండి, వడ్డీ గురించి ఒప్పందం లేకపోయినా, సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 61 ప్రకారం సరుకు అందించిన తేదీ నుంచి గానీ ధర కట్టాల్సిన తేదీ నుంచి గానీ కోర్టు వడ్డీ ఇప్పించవచ్చు. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే తిరుపతిలోనే దావా వేయండి, సరుకు ఇక్కడి నుంచి వెళ్లింది, డబ్బు ఇక్కడికి రావాలి కాబట్టి కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకు కారణం) కొంత ఇక్కడే ఉంది. మొత్తం 3 లక్షల లోపు కనుక వాణిజ్య కోర్టు అక్కర్లేదు. ఖర్చు భారమైతే మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు పెట్టండి, మహిళలకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం. రాజీ చర్చలు సాగుతున్నాయని ఆగస్టు 18 దాటనివ్వకండి, ముందు దావా నంబరు పడాలి.