పాఠకుల ప్రశ్నలు: ఫోర్సైత్ థ్రిల్లర్ల లోగుట్టు

ప్రశ్న: 'ది డే ఆఫ్ ద జాకాల్'లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్‌ను చంపడానికి జాకాల్ అనే కిరాయి హంతకుడు బయల్దేరతాడు. డీగాల్ చావడని ముందే తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఏమిటా కిటుకు?

జవాబు: 1970 జనవరిలో ఫ్రెడరిక్ ఫోర్సైత్ 35 రోజుల్లో రాసిన ఆ నవలను ప్రచురణకర్తలు వరసగా తిప్పిపంపింది ఈ అనుమానంతోనే. డీగాల్ అప్పటికి నిక్షేపంగా ఉన్నాడు మరి! చివరికి 1971లో హచిన్సన్ సంస్థ వేసింది.

'చస్తాడా' అన్న ప్రశ్నను ఫోర్సైత్ 'ఎలా చంపబోతాడు' వైపు తిప్పేశాడు. 1962 ఆగస్టు 22న పారిస్ దగ్గరి పెటీ క్లమార్‌లో డీగాల్ కారుపై కాల్పులు, 1963 మార్చిలో ఆ దాడి సూత్రధారి బాస్టియన్-తిరీకి మరణశిక్ష నిజంగా జరిగినవే. కల్పన వాటి వెనకే నడిచొస్తుంది, అతుకు కనబడదు. ఇక జాకాల్ తుపాకీ చూడండి: విడదీస్తే ఊతకర్ర గొట్టాల్లో ఇమడాలి. అడవిలో ఖర్బూజాకు ముఖం గీసి చెట్టుకు వేలాడదీసి, గురి సరిచేసుకుంటూ కాలుస్తాడు. చివరి గుండు పేలుడు రకం. కాయ తునాతునకలయ్యాక డీగాల్ సంగతి పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: అందులోని దొంగ పాస్‌పోర్టు పద్ధతి నిజంగా పనిచేసేదా?

జవాబు: భేషుగ్గా. పసితనంలోనే పోయిన, తన ఈడువాడి పేరు సమాధి మీద చూసి, జనన ధ్రువపత్రం తీసుకుని, దాంతో పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టడం. బ్రిటన్‌లో జనన, మరణాల రికార్డులను సరిపోల్చే ఏర్పాటు లేకపోవడమే లొసుగు. నవల వచ్చాక కూడా అది పూడటానికి 30 ఏళ్లకు పైనే పట్టింది. విచిత్రమేమిటంటే, లండన్ రహస్య పోలీసులే చనిపోయిన పిల్లల పేర్లతో తిరుగుతూ ఆ పనిని 'జాకాల్ రన్' అనుకునేవారు.

ప్రశ్న: ఫోర్సైత్ గూఢచారా?

జవాబు: వైమానిక దళ పైలట్, రాయిటర్స్, బీబీసీ విలేకరి. బ్రిటన్ విదేశీ గూఢచారి సంస్థ ఎంఐ6కు పనులు చేసిపెట్టానని 2015లో ఆత్మకథలో తానే ఒప్పుకున్నాడు. 2025 జూన్‌లో కన్నుమూశాడు.

ప్రశ్న: థ్రిల్లర్ రాస్తున్నాను. పరిశోధన బోలెడుంది, కథే కదలడం లేదు. ఎందుకు?

జవాబు: సేకరించిందంతా కుక్కేసి ఉంటారు. ఫోర్సైత్ వివరం ఇచ్చాడంటే దాంతో ఎవరికో ఒక దారి తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. కాగితం మీద రెండు వరసలు గీయండి: తరిమేవాడు, పారిపోయేవాడు. తేదీ, గంట వేసి, ఆ క్షణాన ఎవరికి ఏం తెలుసో రాయండి. జాకాల్‌ను వేటాడే పోలీసు అధికారి లెబెల్‌కు పేరు దొరికేసరికి జాకాల్ ఇంకో పేరుతో ఉంటాడు. ఉత్కంఠ అంతా ఆ తేడాలోనే. రెండు వరసల్లోనూ ఒకే సంగతి కనబడితే ఆ అధ్యాయం చప్పబడినట్టే. ఏ వరసలోనూ పట్టని వివరాన్ని, ఎంత కష్టపడి సంపాదించినా, కొట్టేయండి.