తప్పు నీలో లేదు చెల్లీ

తమ్ముణ్ణి అప్పు చేసి బెంగళూరులో ఇంజనీరింగ్ చదివిస్తున్నారని, నిన్ను మాత్రం డిగ్రీతో ఆపేస్తామంటున్నారని రాశావు. నెల రోజులుగా నిద్ర లేదని, లోపం నీలోనే ఉందేమోనని కూడా అన్నావు. ఆ చివరి మాట చదివి నా గుండె తరుక్కుపోయింది.

మాది ఆదోని. మా ఇంట్లో మీగడ పెరుగు అన్నయ్య కంచంలోకి, అడుగున మిగిలిన పలచటి మజ్జిగ నా కంచంలోకి వచ్చేవి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అయినా ఏళ్ల తరబడి అలా తింటూ ఉంటే, నా విలువ అంతేననే నమ్మకం మనసులో ఇంకిపోయింది. నీకు జరుగుతున్నదీ అదే.

ముందు నిద్ర సంగతి చూడు. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోను చెయ్యి. ఖర్చు లేదు, రాత్రి అయినా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే చెయ్యి, ఇంట్లో నీకు దగ్గరైనవాళ్లకూ చెప్పు. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోవడంలో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

చదువు విషయంలో నాన్నగారితో ఒంటరిగా వాదించకు. మేనత్తనో, నీకు చదువు చెప్పిన మేడమ్‌నో వెంట ఉంచుకో. హాస్టల్ ఖర్చుకు భయపడుతుంటే, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం మీ అనంతపురం పక్కనే ఉందని, ఇంటి నుంచే బస్సులో వెళ్లి రావచ్చని చెప్పు. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌కు మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా దరఖాస్తు పెట్టెయ్యి. ఏ సబ్జెక్టు అనుకుంటున్నావో రాయి, పాత ప్రశ్నపత్రాలు వెతికి పంపిస్తాను.