రెండు నెలలైనా డిప్రెషన్ మాత్ర పనిచేయట్లేదు, మానేయనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్ళు, మాది పర్లాకిమిడి. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మనసు బాగోక, తిండి నిద్ర లేక ఉంటే మా ఆయన బరంపురం తీసుకెళ్ళి చూపించారు. డిప్రెషన్ అని మందులు రాశారు. మొదటి పదిహేను రోజులు బాగానే పనిచేసింది, హాయిగా నిద్ర పట్టింది, తర్వాత మళ్ళీ మామూలే. రెండు నెలలు దాటింది. ఏడుపు కొంచెం తగ్గింది గానీ మిషను మీద కూర్చోబుద్ధి కాదు. మార్గశిర లక్ష్మివారాలు ఉపవాసం కాబట్టి ఆ రోజుల్లో మాత్ర వేసుకోలేదు. నడుం నొప్పికి అప్పుడప్పుడు ట్రమడాల్ మాత్ర వేసుకుంటాను. అలవాటైపోతాయి, మానేయ్ అని మా అత్తగారు పోరు పెడుతున్నారు. మానేయమంటారా? డాక్టర్ని మార్చమంటారా? ఇవి జీవితాంతం వాడాలా? చీటీ, స్ట్రిప్ ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: అమ్మా, మానేయకండి. డాక్టర్ని మార్చే సంగతి తర్వాత, ముందు మీరు పంపిన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. చీటీలో మీ డిప్రెషన్ మాత్ర ఎసిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములు పది రోజులు, ఆ తర్వాత రోజూ 10 అని రాసుంది, స్ట్రిప్ మీదేమో ఇప్పటికీ 5 అనే ఉంది. మొదటిది అయిపోయాక ఖాళీ స్ట్రిప్ పట్టుకెళ్ళి మెడికల్ షాపులో "ఇవే ఇవ్వండి" అని ఉంటారు, వాళ్ళు అవే ఇచ్చి ఉంటారు. బరంపురం వెళ్ళిరావాలంటే రోజంతా పోతుంది కాబట్టి మళ్ళీ చూపించుకోవడం కూడా వాయిదా పడుంటుంది, ఇలా 5 దగ్గరే ఆగిపోయినవాళ్ళు మా ఓపీలో తరచూ కనిపిస్తారు. పెద్దవాళ్ళకి ఈ మందు మామూలు డోసు 10, అవసరమైతే 20 దాకా పెంచుతారు. 5 అనేది వికారం, కడుపులో తిప్పడం లాంటివి ఎక్కువ రాకుండా ఒంటికి అలవాటు చెయ్యడానికి మొదట్లో ఇచ్చేది. కాబట్టి మందు ఫెయిలైందని ఇప్పుడే అనలేం, మీరింకా దాన్ని సరిగ్గా వాడిందే లేదు.

మరి మొదటి పదిహేను రోజులు బాగుందంటే, చీటీలో రెండో లైను చూడండి, క్లోనజెపామ్ అని ఉంది, రాత్రి అర మాత్ర, పదిహేను రోజులే. మీకు హాయిగా నిద్ర పట్టించింది అది, డిప్రెషన్ మాత్ర కాదు. అది ఆగగానే నిద్ర పోయింది, మీరేమో డిప్రెషన్ మాత్ర పని చెయ్యడం మానేసిందనుకున్నారు. అత్తగారి భయం కూడా ఉత్తది కాదు, కాకపోతే ఆవిడ భయపడాల్సింది ఈ క్లోనజెపామ్ గురించి. వారాల తరబడి వాడితే అలవాటయ్యేది అదే, అందుకే ఆ డాక్టర్ గారు లెక్కపెట్టి రాశారు. నిద్ర పట్టట్లేదని దాన్ని సొంతంగా కొని వాడొద్దు. ఎసిటలోప్రామ్ మత్తు మందు కాదు, రోజురోజుకీ ఇంకా కావాలనిపించదు. కాకపోతే ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, తలలో షాక్ కొట్టినట్టుండటం, ఊరికే చిరాకు లాంటివి కొందరికి కొన్ని రోజులు ఉంటాయి, జనం దాన్ని చూసే "చూశావా, అలవాటైపోయింది" అంటారు.

రేపు చెయ్యాల్సిందల్లా ఆ డాక్టర్ గారికి ఫోన్ చేసి 5 దగ్గరే ఉండిపోయానని, ట్రమడాల్ వాడుతున్నానని రెండూ చెప్పి, 10 ఎప్పుడు మొదలెట్టాలో అడగడం. ట్రమడాల్ మాట మర్చిపోవద్దు, ఎందుకంటే ఈ రెండూ కలిస్తే ఒంట్లో సెరోటోనిన్ అనే రసాయనం ఎక్కువై వణుకు, చెమటలు, గుండె దడ, కంగారు వచ్చే ప్రమాదం ఉంది, అరుదే గానీ వస్తే ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. ఈలోగా నడుం నొప్పికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా ఎసిటలోప్రామ్‌తో కలిపి తరచూ వాడితే కడుపులో రక్తస్రావం రావచ్చు, అదీ అడిగే వాడండి.

ఇక లక్ష్మివారాలు. పూజ మానమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు! ఈ మాత్ర ఖాళీ కడుపుతో కూడా వేసుకోవచ్చు, లేదా రాత్రి ఫలహారం అయ్యాక వేసుకోండి. ఒక్క రోజు తప్పితే కొంప మునగదు గానీ అసలే తక్కువ డోసు, అందులో వారానికో రోజు ఎగ్గొడితే ఎలాగమ్మా?

సరైన డోసు మొదలయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. సాధారణంగా ముందు నిద్ర, ఆకలి, కాస్త ఓపిక తిరిగొస్తాయి, మనసుకి సంతోషం అన్నది ఆలస్యంగా వస్తుంది. ఏడుపు కొంచెం తగ్గింది అని రాశారు కదా, మీరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు గానీ నాకు అది మంచి కబురే. మీ ఆయన్ని కూడా అడగండి, తేడా మనకంటే ముందు పక్కవాళ్ళకి తెలుస్తుంది. డిప్రెషన్ ఎంతుందో కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, మొత్తం 27 మార్కులు, రెండు వారాలకోసారి నింపి దాచుకోండి. మార్కులు సగానికి పడితే మందు పనిచేస్తున్నట్టు, 5 కంటే తగ్గితే దాదాపు కోలుకున్నట్టు.

అప్పటికీ కదలకపోతే డోసు పెంచుతారు, లేదా మందు మారుస్తారు, లేదా ఇంకోటి కలుపుతారు, పక్కన కౌన్సెలింగ్ ఉంటే ఇంకా మంచిది. అమెరికాలో డిప్రెషన్ వైద్యం మీద స్టార్-డి అని పెద్ద స్టడీ జరిగింది, 2006లో వచ్చిన దాని ఫలితాల్లో మొదటి మందుతోనే పూర్తిగా బాగైంది దాదాపు మూడింట ఒక వంతు మందికే, కాబట్టి మొదటిది పట్టకపోతే మీ కేసు పాడైపోయిందనుకోవద్దు. మార్చే ముందు థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్, బీ12 టెస్టులు చేయించమనండి, వీటిల్లో తేడా ఉన్నా నీరసం, దిగులు తగ్గవు. ఇంకో మాట, గతంలో ఎప్పుడైనా నాలుగైదు రోజులు సరిగా నిద్రే లేకుండా విపరీతమైన హుషారుగా, తెగ మాట్లాడుతూ, డబ్బు ఖర్చు పెట్టేస్తూ గడిపారా? అయితే అది తప్పకుండా చెప్పండి, అప్పుడు వైద్యమే వేరు.

డోసు మారిన మొదటి వారాల్లో కంగారు పెరిగినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా దాచుకోకుండా అప్పుడే మీ ఆయనకి చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు, దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వ ఫోన్ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రతిసారీ బరంపురం వెళ్ళలేకపోతే మీ జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోండి.

జీవితాంతమా అంటే, మీకిది మొదటిసారి అయితే అక్కర్లేదు. పూర్తిగా బాగయ్యాక అదే డోసు ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు కొన్ని వారాల పాటు మెల్లగా తగ్గించి ఆపేస్తారు. ఆ నెలలు లెక్కపెట్టేది మాత్రం మీకు బాగైన రోజు నుంచి, ఇప్పటిదాకా వేసుకున్నవి అందులోకి రావు.