తినేది జావే కదా, పళ్లు తోమడం ఎందుకు?

ప్రశ్న: మా మామగారికి 72 ఏళ్లు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి, మూతి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ముక్కులో గొట్టం తీసేశారు గానీ నీళ్లు తాగితే పొలమారుతోంది, అందుకని రాగి జావ, చారన్నం పెడుతున్నాం. బాగా చిక్కిపోయారు, కట్టుడు పళ్లు వదులై తీసి పక్కన పెట్టేశారు. మొన్న నిమ్ము చేసి ఆస్పత్రిలో చేర్పిస్తే, డాక్టరు నోరు చూసి పళ్లు తోమించడం లేదా అని కోప్పడ్డారు. జావ తాగే మనిషికి పళ్లకు ఏం అంటుకుంటుందండీ?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కోప్పడటం సంగతి వదిలేయండి, ఆయన అడిగింది మాత్రం సరైన మాటే అమ్మా. నమలడం తగ్గితే లాలాజలం తగ్గుతుంది, నోరు ఎండి పాచి పేరుకుంటుంది, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, గుటక అదుపు తప్పినప్పుడు ఆ ఉమ్మే కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము చేస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు, నిద్రలోనే జారిపోతుంది. (పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం. రోజూ పొలమారుతుంటే మనం డాక్టరును తలుచుకోవాలి.) జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు గమనించి 2002లో ప్రచురించిన లెక్క చూడండి: భోజనం అయినప్పుడల్లా సిబ్బంది నోరు శుభ్రం చేసినవాళ్లలో 11 శాతం మందికి నిమ్ము వస్తే, అలా చేయనివాళ్లలో 19 శాతం మందికి వచ్చింది.

కూర్చోబెట్టి, మెత్తని బ్రష్‌తో, శనగగింజంత పేస్టు చాలు. పుక్కిలించమని నోటినిండా నీళ్లు పోయొద్దు, అవే పొలమారతాయి, తడిపి పిండిన గుడ్డతో తుడిచేయండి. నాలుక, అంగిలి మర్చిపోవద్దు. ఆయనకు కుడివైపు పట్టు లేదు కాబట్టి తిన్నాక కుడి బుగ్గలోకి తప్పకుండా చూడండి, మెతుకులు అక్కడే ఉండిపోతాయి, ఆయనకు తెలియను కూడా తెలియదు. కట్టుడు పళ్లు మనిషి చిక్కితే వదులవుతాయి, వదులైతే నమలలేరు, నమలలేకపోతే ఇంకా చిక్కుతారు. డెంటిస్టు దగ్గర సరిచేయించండి. రాత్రి మాత్రం తీసేసి, తోమి, నీళ్లలో వేయాలి.

ఇక తిండి. చారన్నం మానేయండి. చారు ముందు జారిపోతుంది, మెతుకు వెనక ఉండిపోతుంది, పలచనిదీ గట్టిదీ కలిసిన ముద్దే ఇలాంటివాళ్లకు అన్నిటికన్నా కష్టం. రాగి జావ మీద మనకున్న నమ్మకం పెద్దదే గానీ, రెండు చెంచాల పిండితో కాచిన గ్లాసుడు జావలో మాంసకృత్తులు రెండు గ్రాములైనా ఉండవు. జబ్బుపడి లేచిన 50 కిలోల పెద్దాయనకు రోజుకు 60 గ్రాములు కావాలి (కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే). అన్నంలో ముద్దపప్పు, నెయ్యి వేసి ఉండల్లేకుండా మెదపండి. గడ్డపెరుగు, పాలలో కాచిన జావ, గుడ్డు తింటారా, పొడిపొడిగా రాలకుండా పెరుగుతో మెదిపి పెట్టండి. నీళ్లు ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్టు (మాటతో పాటు మింగడాన్నీ సరిచేసే నిపుణులు) చూసి చెప్పాలి, మీరు ఊహించి చిక్కబెట్టొద్దు. చిక్కని నీళ్లు ఎవరికీ నచ్చవు, తాగడం తగ్గించేస్తారు, ఒళ్లు ఎండిపోతుంది, అదీ కనిపెట్టుకోవాలి. తిన్న వెంటనే పడుకోబెట్టకుండా అరగంట కూర్చోనివ్వండి.

ప్రశ్న: అమ్మకు ముక్కు గొట్టంతోనే పెడుతున్నాం. మళ్లీ నోటితో తింటుందా? ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఓ చెంచా కాఫీ ఇమ్మని బతిమాలుతోంది.
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: పక్షవాతమైతే చాలామందికి కొన్ని వారాల్లోనే గుటక మెరుగవుతుంది, మిగతావాళ్లకు థెరపీ కావాలి. ఎక్స్‌రేలో తెల్లగా కనబడే బేరియం మందు కలిపిన ముద్ద మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తే, లేదా ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూస్తే ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది, వ్యాయామం దాన్ని బట్టే. గడ్డం కిందికి వంచి మింగమని పక్కింటివాళ్లు చెప్తారు, అది కొందరికి మేలు చేస్తుంది, కొందరికి చేయదు. గొట్టం ఉన్నా నోరు రోజుకు రెండు మూడు సార్లు శుభ్రం చేయాల్సిందే. కాఫీ దొంగతనంగా ఇవ్వకండి బాబూ, థెరపిస్టును అడగండి, నోరు శుభ్రం చేశాక వాళ్ల ఎదుటే ఒకటి రెండు చెంచాలు రుచి చూపించడానికి ఒప్పుకుంటారేమో.