చేసిన పనికీ ఓ పుస్తకం

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పాతపట్నం నుంచి కూడా గిరాకీలొస్తారు. పొద్దున్నే చెయ్యాల్సిన పనులన్నీ చీటీ రాసుకుంటాను. రాత్రికి సగం కూడా కొట్టెయ్యలేను. రోజంతా మిషను మీదే ఉన్నా, ఏం చేశావని మా ఆయన అడిగితే జవాబు తోచదు. చీటీ మానేసి, చేసినవే రాసుకోమని ఒకావిడ చెప్పింది. దానివల్ల ఒరిగేదేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, తప్పకుండా రాయి.

నేను బరంపురంలో పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం ఆ రోజు వచ్చిన సొమ్మూ ఇచ్చిన సొమ్మూ రాసి లెక్క తేల్చందే ఇంటికి కదిలేవాళ్లం కాదు. ఇంటి పనికి అలాంటి పుస్తకం లేదు. వండింది తినేస్తారు, కుట్టింది పట్టుకుపోతారు. రాత్రికి నీ కళ్ల ముందు మిగిలేది చెయ్యని పనే. ఇక రోజంతా ఏం చేశానా అనిపించక ఏమవుతుంది?

రాసేటప్పుడు ‘కుట్టుపని’ అని ఒక్క మాటతో సరిపెట్టకు. ‘ఆకుపచ్చ పట్టు జాకెట్టుకి లైనింగు వేశాను, చేతులు ఎక్కించాను, హుక్కులు మిగిలాయి’ అని రాయి. నీ చీటీ ప్రకారం ఆ జాకెట్టు ఇంకా కాలేదు కాబట్టి మధ్యాహ్నమంతా సున్నాయే. పక్కింటి మామ్మకి ఒడియాలో వచ్చిన కాగితం చదివిపెట్టి, దరఖాస్తు నింపావనుకో, అదీ రాయి. మన సరిహద్దు ఊళ్లలో రెండు లిపులూ వచ్చిన ఆడవాళ్లకి ఈ పని తగులుతూనే ఉంటుంది. పొద్దున రాసుకునే ఏ చీటీలోనూ అది ఉండదు, గంట మాత్రం పోతుంది.

అమెరికాలో తెరీసా అమాబిలె, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు ఏడు కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత ఏ రోజుకారోజు జరిగింది రాయించారు. దాదాపు 12,000 రాతలు పోగయ్యాయి. 2011లో ఆ సంగతులు పుస్తకంగా వచ్చాయి. చేసే పని ఏ కాస్త ముందుకు కదిలినా ఆ రోజు మనసు బాగుంటుందని, పని మీద హుషారొస్తుందని అందులో తేలింది. వాళ్లంతా జీతాల మీద, పైవాళ్ల కంటి ముందు పనిచేసేవాళ్లు. అడిగేవాళ్లే లేని ఇంటి పనికి ఈ రాత మరీ అవసరమని నా నమ్మకం.

అలాగని చీటీ పూర్తిగా చింపెయ్యమనను. గిరాకీకి ఇచ్చిన తేదీ తప్పకూడదు. తేదీ రాసిన చిన్న కాగితం ఆ గుడ్డకే పిన్నుతో గుచ్చెయ్యి. చీటీకి అంతకు మించి పని లేదు. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు చాలు, పిల్లల పాత నోట్‌బుక్కులో మిగిలిన పేజీలు చాలు.

కొన్నాళ్లు రాశాక వెనక్కి తిరగేసి చూడు. ఏ పనికి ఎంత పొద్దు పోతోందో కనిపిస్తుంది. చేతి హెమ్మింగుకీ పైపింగుకీ పట్టే టైము నీ రేటులో చేరుతోందా? చాలామంది మిషను కుట్టుకే డబ్బు తీసుకుని, చేతిపని ఊరికే చేసిపెడుతున్నారు. మీ ఆయనకి ఆ పేజీలే చూపించు, ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. దసరా గుడ్డలు వచ్చిపడకముందే కొత్త రేటు చెప్పెయ్యి. ఎన్ని జాకెట్లు ఒప్పుకోగలవో కూడా అప్పటికి నీకే తెలుస్తుంది.